బానెట్ పక్కనుంచి ఒక చెయ్యి

చిన్న నట్లు ఒక డబ్బాలోకి, పెద్దవి ఇంకో డబ్బాలోకి, మరలు అరిగిపోయినవి కాళ్ళ దగ్గరున్న రేకు పళ్ళెంలోకి వేస్తూ వేస్తూ అక్క తల ఎత్తింది. ఏటవాలు రోడ్డు మొదట్లో ఏదో బండి పైకి రావడానికి నానా అవస్థా పడుతోంది. మలుపు దగ్గర ఒకసారి ఊపిరి బిగబట్టి వదిలింది. కర్రల అడితి దాటాక మరోసారి. మామూలు చెవికైతే అది బండి శబ్దమే. ఆమె మాత్రం చేతిలోని నట్టు డబ్బాలో వెయ్యడం మరిచిపోయి విన్నది.

"మొక్కలావిడ బండి వస్తోందిరా," అంది.

షెడ్డు లోపల ఒక కారు కింద పడుకుని ఉన్న తమ్ముడికి ఆ మాట వినపడింది. వినపడిందని ఒప్పుకోవడం ఇష్టంలేక స్పానర్ కోసం అటూ ఇటూ తడుముకున్నాడు. మూడు వారాల్లో ఆ బండి రావడం ఇది మూడోసారి. బాగుచేశానని చెప్పి పంపిన బండి మళ్ళీ గుమ్మం ముందుకు రావడమంటే మెకానిక్కుకి, వండి పంపిన కూర గిన్నె మూత తియ్యకుండా వెనక్కి వచ్చినట్టే.

నట్లు ఏరుతున్న ఆమె షెడ్డుకి వచ్చేవాళ్ళందరికీ అక్కే. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు, మీసాలు తెల్లబడ్డవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. తమ్ముడు పిలవడం విని మొదట ఎవడో పిలిచాడు, ఆ తర్వాత అదే పేరైపోయింది. అసలు పేరు ఈమధ్య ఆసుపత్రి చీటీ మీద రాశారు. అక్కడ ఒకమ్మాయి ఆ పేరు పెట్టి గట్టిగా పిలిస్తే, ఎవరో అనుకుని అక్క పక్క బెంచీవైపు చూసింది.

నలభై ఒక్క ఏళ్ళుగా ఆమె చేసిన పని ఒక్కటే. డ్రైవరు సీట్లో కూర్చోవడం, తమ్ముడు చెప్పినంత మేర యాక్సిలేటర్ తొక్కడం. చెప్పడమంటే నోటితో కాదు. ఇంజన్ మోతలో నోటిమాట ఎవరికి వినపడుతుంది? పైగా బానెట్ ఎత్తితే అద్దం నిండా రేకే తప్ప ముందున్న మనిషి కనబడడు. అందుకని బానెట్ పక్కనుంచి అతని కుడిచెయ్యి బయటికి వచ్చేది. ఒక వేలు చూపిస్తే కొంచెం తొక్కాలి. రెండు వేళ్ళయితే సగందాకా. పిడికిలి బిగిస్తే ఎక్కడున్నది అక్కడే ఆపాలి. అరచెయ్యి తెరిస్తే వదిలెయ్యాలి. ఈ నాలుగు గుర్తులూ ఎవరు కనిపెట్టారో ఇద్దరికీ జ్ఞాపకం లేదు. తమ్ముడి మొహంలోకి ముడతలు ఎప్పుడొచ్చాయో ఆమె చెప్పలేదు గానీ, ఆ చేతి మీదున్న ఒక్కో మచ్చా ఏ బండి పెట్టిందో చెప్పగలదు.

పెళ్ళయిన పదకొండు నెలలకి ఒక పెట్టె పట్టుకుని పుట్టింటికి తిరిగి వచ్చేనాటికి ఆమెకి ఇరవై రెండేళ్ళు. ఏం జరిగిందని అమ్మ అడిగింది, ఆమె చెప్పలేదు. నాన్న అడగనూ లేదు. చుట్టుపక్కలవాళ్ళు మాత్రం అడక్కుండానే తలా ఒక సమాధానం చెప్పుకున్నారు. పంతొమ్మిదేళ్ళ తమ్ముడు అప్పుడే ఇంటి ముందు నాలుగు రేకులు కప్పి షెడ్డు పెట్టాడు. ఆమె వచ్చిన మూడోరోజు గుమ్మంలో నిలబడి, నూనె చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ, "ఊరికే కూర్చునే బదులు వచ్చి ఇది కాస్త తొక్కక్కా," అన్నాడు. అంతే. ఓదార్పని దాన్ని ఎవరూ అనరు గానీ, ఆ ఇంట్లో ఆమెకి దొరికిన ఓదార్పు అదొక్కటే. లేచి వెళ్ళి సీటెక్కింది.

అది పని అని ఎవరూ అనలేదు, ఆమె కూడా అనుకోలేదు. మరదలు కాపురానికి వచ్చాక ఇల్లు మరదలు చూసుకునేది, షెడ్డులో పాదం మాత్రం అక్కదే. ఏళ్ళు గడిచినకొద్దీ ఆ పాదానికి ఏదో తెలివి పట్టుబడింది. పెడలు కింద నుంచి వచ్చే వణుకుని బట్టి ప్లగ్గు పోయిందో, పెట్రోలు అందడం లేదో పోల్చుకునేది. తమ్ముడిది చెవి, ఆమెది పాదం. చెవికి పేరొచ్చింది. దూరం దూరం నుంచి వచ్చేవాళ్ళు, "మేస్త్రి చెవి పెడితే చాలు, జబ్బు చెప్పేస్తాడు," అనేవారు. నిజమే, ఆయన చెవి గొప్పదే. చెవి పెట్టినంతసేపూ ఇంజన్ని అక్కడే పట్టి ఉంచేది ఎవరన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు.

రెండు నెలల క్రితం ఒక వ్యాను సీట్లో కూర్చుని ఉండగానే ఆమె స్టీరింగ్ మీదికి ఒరిగిపోయింది. హారన్ ఆగకుండా మోగుతుంటే తమ్ముడు బానెట్ అవతలనుంచి, "ఆపక్కా, చెవులు పోతున్నాయి!" అని అరిచాడు. ఆ అరుపు తలచుకుంటే అతనికి ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. గుండె బాగా నీరసించిందన్నాడు డాక్టరు. ఎన్నాళ్ళని చెప్పలేమన్నాడు, పదేళ్ళు ఉండినా ఉండొచ్చన్నాడు, శ్రమ మాత్రం వద్దన్నాడు. ఆ సాయంత్రమే తమ్ముడు శాసనం చేసేశాడు: "ఇంక సీటెక్కొద్దు." చెయ్యడానికి ఏదో ఒకటి ఉండాలి గనక నట్లూ బోల్టులూ ఏరే పని అప్పగించాడు.

ఎంత షెడ్డయినా ఎన్ని నట్లుంటాయి? వారంలో అయిపోయాయి. మర్నాడు చూస్తే డబ్బాల్లో మళ్ళీ అన్నీ కలగలిసి ఉన్నాయి. ఏరినవాటిని అతనే దొంగచాటుగా కలిపేస్తున్నాడని రెండోవారంలో కనిపెట్టింది.  అరవై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ దొంగతనం చేసినవాడు కాదు, తనకోసం దొంగయ్యాడు కదా అనుకుని మళ్ళీ ఏరింది. ప్రేమకి లోటు లేదు. ఆమెకి కావలసింది మాత్రం ప్రేమ కాదు. వాడు మళ్ళీ పిలవాలి. ఒక్కసారి, పనికోసం పిలవాలి. రెండు నెలలుగా ప్రతి పొద్దునా ఆమె స్టూలు గుమ్మం దగ్గర, బానెట్ పక్క కనబడేలా వేసుకునేది అందుకే.

మొక్కలావిడ పికప్ దగ్గుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఇరవై ఆరేళ్ళ బండి. ఒకప్పటి పచ్చరంగు ఇప్పుడు తలుపు సందుల్లో మాత్రమే మిగిలింది. వెనక తొట్టినిండా మట్టి కుండీలు, వాటిలో మొక్కలు. మోచేతులదాకా మట్టితో ఆవిడ దిగింది. ఊరవతల మొక్కలు పెంచి అమ్ముతుంది. గొంతు పెద్దది, మనసూ పెద్దదే.

"మేస్త్రీ, ఇవాళ తేలిపోవాలి. లేదంటే దీన్ని ఇక్కడే వదిలేసి పోతా. మట్టి నింపి మొక్కలు పెట్టుకో."

"మళ్ళీ అదేనా?" అన్నాడు తమ్ముడు కారు కిందినుంచి బయటికి వస్తూ.

"అదే. నిన్న పెద్దరోడ్డు దాటుతున్నా. అటు చూశా, ఇటు చూశా, ఖాళీ ఉందని తొక్కా. సరిగ్గా నడిమధ్యకి వచ్చాక తొక్కినా కదల్దు! రెప్పపాటే అనుకో. ఆ రెప్పపాటులో బస్సు నా తలుపు దగ్గరికొచ్చేసింది. ఆ డ్రైవరు తిట్టిన తిట్లకి మొక్కలు కూడా తలొంచుకున్నాయి." నవ్వబోయి మానేసింది. "పోయిన మా ఆయన బండి అని ఇన్నాళ్ళూ ఉంచుకున్నా. దాంతోపాటు నన్నూ ఆయన దగ్గరికి పంపుతానంటే ఎలా? ఇవాళ కాకపోతే రేపు తుక్కుకిచ్చేస్తా."

తమ్ముడు బానెట్ ఎత్తాడు. ఇంజన్ స్టార్ట్ చేసి, లోపలికి చెయ్యి పెట్టి యాక్సిలేటర్ తీగ తనే లాగాడు. ఇంజన్ ఎక్కడా తడబడకుండా గుక్కతిప్పుకోకుండా అరిచింది. వదిలాడు, మళ్ళీ లాగాడు. బడిలో పాఠం అప్పజెప్పే మంచి విద్యార్థిలా అరిచింది. మొదటిసారి వచ్చినప్పుడూ ఇంతే. అప్పుడు ప్లగ్గులు మార్చాడు. రెండోసారీ ఇంతే. అప్పుడు పెట్రోలు ఫిల్టరు మార్చి, గాలి దారంతా కడిగాడు. షెడ్డులో అరుస్తుంది, ఏటవాలు ఎక్కితే నీరుగారిపోతుంది.

అక్క నట్లు ఏరుతూ వింటోంది. ఖాళీగా అరిచే ఇంజన్ నిజం చెప్పదని ఆమెకి తెలుసు. వీపు మీద బరువు పడితేనే లోపలి జబ్బు పైకి వస్తుంది. అడగనివాడికి చెప్పడమెందుకని పెదవి బిగించుకుంది. అయినా కాసేపటికి నోరు ఆగలేదు.

"బరువు పడితే కదరా తెలిసేది."

"తెలుసు."

తెలుసు అన్న ఒక్కమాటతో అవతలివాళ్ళ నోరు మూయించడం అతనికి చిన్నప్పటినుంచీ అలవాటే. అతనికి నిజంగానే తెలుసు కూడా. బండి రోడ్డెక్కితే జబ్బు వస్తుంది, అప్పుడు బానెట్ మూసి ఉంటుంది. బానెట్ తెరిచి చూడాలంటే బండి నిలబడి ఉండాలి, నిలబడిన బండికి జబ్బు రాదు. దీనికి ఒక్కటే ఉపాయం. ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాలి, హ్యాండ్ బ్రేకు లాగాలి, మొదటి గేరు వేసి క్లచ్ సగమే వదిలి, యాక్సిలేటర్ తొక్కుతూ బండిని కదలకుండా అక్కడే గుంజుకునేలా చెయ్యాలి. ఆ గుంజులాటలో ఇంజన్ ముందు నిలబడి లోపలికి వంగి చూడాలి. క్లచ్ మీదున్న కాలు ఒక్క వెంట్రుక వాసి జారినా బండి ఎగిరి మీద పడుతుంది. అలా ముందు నిలబడాలంటే లోపల ఉన్నది అక్క కాలై ఉండాలి. నలభై ఒక్క ఏళ్ళలో ఇంకెవరి కాలినీ నమ్మి అతను బండి ముందు నిలబడింది లేదు. అందుకే ఈ మూడు వారాలూ తీగ చేత్తో లాగి, బరువు పడని ఇంజన్ని చూసి, బాగుందని పంపించేశాడు. పనిరానివాడు చేసే తప్పు కాదిది.

"నేను తొక్కుతాలే మేస్త్రీ. నా బండే కదా," అంది మొక్కలావిడ.

అతను రాళ్ళు పెట్టాడు. ఎలా తొక్కాలో రెండుసార్లు చెప్పాడు. ఆవిడ ఎక్కి కూర్చుంది. అతను ఇంజన్ మీదికి వంగీ వంగకముందే బండి మేకపిల్లలా ఎగిరి, రాయిని గుద్ది, చచ్చినట్టు ఆగిపోయింది. అరవై ఏళ్ళ మనిషి అంత దూరం వెనక్కి దూకగలడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. వెళ్ళి పాత టైర్ల మీద పడ్డాడు.

"నా వల్ల కాదు బాబూ!" మొక్కలావిడ దిగిపోయింది. "నిన్ను చంపిన పాపం నాకొద్దు."

తమ్ముడు లేచి మోచెయ్యి చూసుకున్నాడు. చర్మం గీసుకుపోయింది. ఇంటి లోపల కుట్టుమిషను శబ్దం ఆగింది. మరదలు గుమ్మంలోకి వచ్చి, భర్తని పైనుంచి కిందికి చూసి, ఎముకలేవీ విరగలేదని తేల్చుకున్నాక అక్కవైపు తిరిగింది.

"వదినా, పొద్దుటి మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"ఏదీ, నాలుక చూపించు."

"నేనేమన్నా చంటిపిల్లనా?" అంది అక్క. వేసుకున్నమాట నిజమే. మరదలు నవ్వి మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

తమ్ముడు బండి మళ్ళీ స్టార్ట్ చేసి, బానెట్ కింద తలపెట్టి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. అక్క అతని వీపుని చూస్తోంది. ఇప్పుడైనా పిలుస్తాడేమో. పిలవడు. డాక్టరు మాట ఒకవైపు, మొండితనం ఒకవైపు. ఓడిపోయి బండిని తుక్కుకైనా పంపుతాడు గానీ పిలవడు. మొదటిసారి ఆమెకి కోపం వచ్చింది. తనని బతికించుకోవడానికి వాడు తనని తీసి పక్కన పెట్టాడు. డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

అప్పుడు బానెట్ పక్కనుంచి చెయ్యి బయటికి వచ్చింది.

లోపల ఏదో చూస్తూ, ఏదో ఆలోచిస్తూ, ఒళ్ళు మరిచి చాపిన చెయ్యి. ఒక వేలు నిలబడి ఉంది. కొంచెం తొక్కమని. సీట్లో ఎవరూ లేరు. ఇంజన్ తన మామూలు గొణుగుడు గొణుగుతూనే ఉంది. వేలు మాత్రం అలాగే నిలబడి ఎదురుచూస్తోంది.

అక్క ఒళ్ళో ఉన్న డబ్బా కింద పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. పది అడుగులు నడిచి, పికప్ తలుపు తీసి, పైన కడ్డీ పట్టుకుని ఎక్కింది. సీటు ముందుకి జరుపుకుంది. తలుపు మూసేటప్పుడు ఆమెకి ఒక పద్ధతి ఉంది, ముందు దగ్గరికి వేసి, తర్వాత భుజంతో ఒక్క నెట్టు నెడుతుంది. ఆ రెండు చప్పుళ్ళూ వినపడగానే చాపిన వేలు ముడుచుకుపోయింది.

తమ్ముడు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"దిగక్కా."

"వేలు చూపించి పిలిచావు."

"అలవాటులో చూపించాను."

"నేనూ అలవాటులోనే ఎక్కాను."

"డాక్టరు ఏమన్నాడు?"

"బరువులు ఎత్తొద్దన్నాడు. నేనెత్తేది నా పాదమే కదరా."

 ఆమె అతనివైపు చూడటం లేదు. హ్యాండ్ బ్రేకు లాగి చూసింది, గేరు ఊపి చూసింది, ఎడమకాలు క్లచ్ మీద సర్దుకుంది. రెండు నెలల్లో ఆమె మొహం ఇంత కుదుటపడి ఉండటం అతను చూడలేదు. నెమ్మదిగా అని చెప్పబోయి, ఎవరికి చెబుతున్నాడో గుర్తొచ్చి మానేశాడు. వెళ్ళి బండి ముందు, సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. మొక్కలావిడ మాత్రం ముందు జాగ్రత్తగా టైర్ల వెనక్కి వెళ్ళింది.

బానెట్ పక్కనుంచి మళ్ళీ చెయ్యి వచ్చింది. ఈసారి అలవాటు కాదు. ఒక వేలు.

అక్క గేరు వేసి క్లచ్‌ని కొద్దికొద్దిగా వదిలింది. బండి ముందుకి గుంజుకుని రాళ్ళకి ఆనుకుంది. ఇంజన్ గొంతు బరువెక్కింది. రెండు వేళ్ళు. ఆమె కుడిపాదం కిందికి దిగింది. మూడోవంతు దిగాక దొరికింది. మెట్లు దిగుతుంటే ఒక మెట్టు లేకుండా పోయినట్టు, అరికాలి కింద ఖాళీ. బండి ఒక్కసారి బిగుసుకుని దగ్గింది. ఇంకెవరైనా అయితే అక్కడ కంగారుపడి వదిలేస్తారు, లేదా ఇంకాస్త తొక్కేస్తారు. ఆమె అటూ పోలేదు, ఇటూ పోలేదు. ఆ లేని మెట్టు మీదే పాదం నిలబెట్టింది.

పిడికిలి బిగిసింది. ఆపు, అక్కడే.

ఆపింది. బండి వణుకుతోంది, కుండీల్లో ఆకులు వణుకుతున్నాయి, ఆమె తొడ వణుకుతోంది. క్లచ్ కాలుతున్న వాసన మొదలైంది. పిడికిలి అలాగే ఉంది. ఆమె లెక్కపెట్టుకుంది. పదిహేను. ఇరవై. ఛాతీలో ఏదో చిన్నగా కొట్టుకుంది, కాస్త ఆగమని దానికి చెప్పింది. ఇరవై ఆరు దగ్గర అరచెయ్యి విచ్చుకుంది.

ఇంజన్ ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. బానెట్ అవతలనుంచి తమ్ముడు బండి రేకు మీద రెండుసార్లు చరిచాడు. అతనికి అంతకంటే పెద్ద సంతోషం ప్రకటించడం రాదు.

దొరికింది ఒక రబ్బరు గొట్టం. జానెడు పొడుగు, నల్లగా, ఉంగరాలు ఉంగరాలుగా ఉంది. ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారి అదే. తమ్ముడు ఊడదీసి తుడిచి చూపించాడు. మొక్కలావిడ ఎంత తిప్పి చూసినా ఏమీ కనబడలేదు. అతను గొట్టాన్ని వంచాడు. రెండు ఉంగరాల మధ్య గోరంత చీలిక నోరు తెరిచింది. వదిలితే మూసుకుపోయింది.

"కొండను తవ్వి ఎలుకని పట్టావా? ఇంతేనా?" అంది ఆవిడ.

"ఇంతే. ఇంజన్ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మ చితికిపోయింది. బరువు పడగానే ఇంజన్ పక్కకి ఒరుగుతోంది, ఒరిగితే ఈ గొట్టం సాగి చీలిక తెరుచుకుంటోంది. లెక్కలో లేని గాలి లోపలికి పోయి దానికి ఊపిరాడటం లేదు. నేను చేత్తో లాగినప్పుడు ఇంజన్ ఒరగలేదు, ఇది తెరుచుకోలేదు." అతను గొట్టం వైపే చూస్తూ అన్నాడు. "తప్పు నాదే. రెండుసార్లూ అక్క లేకుండా చూశాను."

మొక్కలావిడ అటు తిరిగి అక్కని చూసింది. అక్క సీట్లోంచి దిగుతోంది. ఆ మాట వినపడింది. నలభై ఒక్క ఏళ్ళలో పరాయివాళ్ళ ముందు అతను అలా అనడం ఇదే మొదలు. ఏం చెయ్యాలో తెలియక, "ఆ మోచేతికి ఏదన్నా రాసుకోరా," అంది. 

షెడ్డు వెనక అలాంటిదే ఒక చచ్చిన బండి ఉంది. దాన్నుంచి గొట్టమూ దిమ్మా విప్పి తెచ్చి బిగించేసరికి మూడు దాటింది. అంతసేపూ అక్క స్టూలు మీద కూర్చుని పాత గొట్టాన్ని చేతిలో పట్టుకునే ఉంది. ఎన్నో జబ్బులు ఆమె పాదానికి తెలిశాయి, చేతికి మాత్రం ఎప్పుడూ అందలేదు. పని అవగానే సీటు దిగి లోపలికి వెళ్ళిపోయేది, విప్పిన సామాను తుక్కులో పడేది. ఇవాళ దీన్ని వంచి చూసింది, వదిలింది, మళ్ళీ వంచింది. చీలినదాన్ని చూస్తే జాలి రావాలి గానీ, ఎందుకో ముచ్చటేసింది. దొరికావు కదా అనుకుంది.

"ఒకసారి ఏటవాలు ఎక్కించి చూస్తా," అన్నాడు తమ్ముడు చేతులు కడుక్కుంటూ. తలుపు తీసి ఆగాడు. "నువ్వూ రా అక్కా."

ఆమె నమ్మలేనట్టు చూసింది. ఆమె తొక్కిన బండ్లు వందలుంటాయి, వేలే ఉంటాయేమో. ఒక్కటీ ఆమెతో కలిసి అంగుళం కదలలేదు. బాగుపడ్డ బండిని తమ్ముడు రోడ్డు మీదికి తీసుకుపోయేవాడు, ఆమె పొయ్యి దగ్గరికి పోయేది. అది అన్యాయమని ఎవరికీ అనిపించలేదు, ఆమెకి కూడా.

"నేనెందుకురా?"

"బరువుండాలి కదా," అన్నాడు.

"ఈవిడ బరువెంత, ఆ కుండీలు చాలవూ?" అని మొక్కలావిడ నవ్వింది. అక్క మాత్రం అప్పటికే ఎక్కేసింది, చేతిలో గొట్టంతో సహా.

కిందిదాకా దిగి, బండి తిప్పి, ఏటవాలు ఎదురుగా నిలబెట్టాడు. తొక్కాడు. అక్క కుడిపాదం కూడా ఖాళీ నేల మీద కిందికి నొక్కుకుంది. మలుపు వచ్చింది. ఊపిరి బిగబట్టే చోటు వచ్చింది. బండి ఆగలేదు. ఒక్క తడబాటు లేకుండా గొంతు పెంచుకుంటూ పైకి ఎక్కేసింది. కర్రల అడితి వెనక్కి పోయింది. తెరిచిన కిటికీలోంచి గాలి మొహానికి కొట్టింది. పెద్దరోడ్డు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, తొక్కి, రోడ్డు దాటేశాడు. ఆమె చిన్నపిల్లలా నవ్వింది.

నవ్వుతూనే పక్కకి తిరిగి తమ్ముణ్ణి చూసింది. ఇంత దగ్గరగా, ఇంతసేపు, ఇంత వెలుతురులో అతని మొహం చూసి ఎన్నాళ్ళయిందో. చెవుల మీద వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి. బుగ్గ జారిపోయింది. అచ్చం నాన్నలా ఉన్నాడు.

"ఇంత ముసలాడివి ఎప్పుడయ్యావురా?"

"నువ్వు చూడనప్పుడు."

తిరిగి వచ్చేటప్పుడు ఆమె గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి పోతున్న రోడ్డుని హాయిగా చూస్తూ కూర్చుంది.  షెడ్డు ముందు బండి ఆగింది.

"వెళ్ళి ఆవిడకి చెప్పు పాపం, కాళ్ళు కాలినదానిలా తిరుగుతోంది. నేను కాస్త కూర్చుని వస్తా," అంది అక్క.

అతను దిగి వెళ్ళాడు. పెద్దరోడ్డు దాటిన వైనం చేతులతో చూపిస్తూ చెప్పాడు. మొక్కలావిడ రెండు చేతులూ జోడించి, బండికో మేస్త్రికో తెలియకుండా దండం పెట్టింది. మరదలు టీ తెచ్చింది. ఒక కప్పు చేత పట్టుకుని బండి దగ్గరికి వెళ్ళి కిటికీలోంచి, "వదినా, టీ," అంది. కాసేపాగి మళ్ళీ, "వదినా," అంది. రెండోసారి అన్న తీరుకి తమ్ముడు మాట మధ్యలో ఆపేశాడు.

అక్క తల వెనక్కి ఆనించి ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. కుడిపాదం మాత్రం కొంచెం ముందుకి చాచి, నేల మీద మునివేళ్ళు ఆనించి ఉంది.

ఆ తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. డాక్టరు వచ్చి చెయ్యి పట్టి చూసి, నొప్పి తెలిసి ఉండదన్నాడు. నలుగురూ కలిసి ఆమెని లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టారు. ఈ బండి ఇవాళ తాకనని మొక్కలావిడ ఒట్టు పెట్టుకున్నట్టు చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ, కుండీలన్నీ తొట్టిలోనే వదిలేసి నడుచుకుంటూ వెళ్ళింది. ఇరుగుపొరుగువాళ్ళు వచ్చారు. అందరూ అక్కా అనే ఏడ్చారు.

తమ్ముడు ఏడవలేదు. గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు, కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

"నేనే పిలిచాను," అన్నాడు.

మరదలు పక్కన కూర్చుంది. అతన్ని ఓదార్చాలని చూడలేదు, తప్పు లేదని కూడా అనలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇద్దర్నీ కిటికీలోంచి చూసిన మనిషి.

"పిలవకపోయుంటే, పిలవలేదన్న దిగులుతో పోయేది," అంది. "రోజూ స్టూలు ఎక్కడ వేసుకునేదో మీరు చూడలేదు. నేను చూశాను."

అప్పుడు ఏడ్చాడు.

పొద్దు వాలుతుండగా లేచి, బండి తలుపు తెరిచే ఉందని గుర్తొచ్చి, వెయ్యడానికి వెళ్ళాడు. ముందు దగ్గరికి వేశాడు. భుజంతో నెట్టబోయి, కిటికీలోంచి లోపలికి చూసి, ఆగిపోయాడు. ఆమె కూర్చున్న చోట, సీటు ఇంకా కాస్త నొక్కుకునే ఉన్న చోట, ఆ రబ్బరు గొట్టం ఉంది. ఉంగరాలు ఉంగరాలుగా, తుడిచిన చోట కొంచెం మెరుస్తూ, వంచి చూస్తే తప్ప ఎక్కడా చీలిక కనబడకుండా ఉంది.